కుడివైపు గిన్నె

బస్సు దిగి మిల్లు కూలీల ఇళ్ళ లైనులోకి వచ్చీ రాగానే ధనభాగ్యం చేసిన మొదటి పని, కాంతమ్మాళ్ వాకిట్లో నింపి పెట్టుకున్న నీళ్ళ బిందెల్ని కాలితో పక్కకు నెట్టడం. ఒక బిందె ఒరిగి సగం నీళ్ళు కాలువలోకి పోయాయి.

"దోవలో ఈ బిందెలేంది మే? ఇంటికొచ్చే మనుషులు ఎగిరి దూకాల్నా?" అంది అన్నభార్య.

లైనులో కుళాయి వచ్చేది రోజుకు ఒక్కసారి. తెల్లవారి మంచులో నిలబడి పట్టుకున్న నీళ్ళు అవి. అయినా కాంతమ్మాళ్ కళ్ళు బిందె మీద లేవు. ధనభాగ్యం చేతిలో చిక్కుకున్న తన తల్లి మణికట్టు మీద ఉన్నాయి. పోలీసు దొంగను పట్టుకున్నట్టు పట్టుకొని తెస్తోంది! డెబ్బై ఏళ్ళ ముసలిది రక్కమ్మాళ్... ఒకప్పుడు వాడిపట్టి సంతకు నెత్తిన గంప పెట్టుకొని అందరికన్నా ముందు నడిచిన మనిషి... ఇప్పుడు కోడలు లాగిన చోటికల్లా తల వంచుకొని వస్తోంది. వెనక కాంతమ్మాళ్ అన్న పెరియసామి, భుజాన అనపకాయల మూట మోసుకొని, ఎప్పటిలాగే నోరు కదపకుండా వస్తున్నాడు.

మార్గళి నెల, ధనుర్మాసం వచ్చిందంటే ఇదే వరస. ఊళ్ళో, వాడిపట్టి చేలో అనపకాయలు ముదిరే కాలం. శనివారం సాయంత్రం బస్సెక్కి మధురైకి రావడం, రాత్రి అందరూ కూర్చొని కాయలు వొలిచి గింజలు నానబెట్టడం, ఆదివారం మిల్లు సెలవు కాబట్టి పొద్దున్నే చేట చుట్టూ చేరి గింజలు పితకడం, మధ్యాహ్నం ఆ పప్పుతో కొళంబు పులుసు, ఇరుగుపొరుగును పిలిచి తినడం. వింటే ఎంత ముచ్చటగా ఉంటుంది! కానీ రెండేళ్ళుగా కాంతమ్మాళ్‌కు ఆ ఆదివారాలు ముళ్ళ మీద నడకే. వదినె నోరు పడాలి, వదినెకు వండి పెట్టాలి, లేకపోతే అమ్మను తీసుకురారు. ఆమె అమ్మను చూడడానికి కట్టే సుంకం అది.

ఈసారి మాత్రం ఆమె గుండె రాయి చేసుకుంది. అమ్మను తిరిగి పంపకూడదు. భర్త కుళందైసామితో వారం రోజులుగా పోరి ఒప్పించింది. కూతురింట్లో తల్లి ఉండడం తమలో లేదని ఆయన మొదట గునిశాడు గానీ, ఆఖరికి "మీ అమ్మ సరేనంటే నాదేముంది" అన్నాడు. ఆ ఒక్క మాట కొంగున ముడి వేసుకొని కాంతమ్మాళ్ ఆదివారం కోసం కాచుకుంది.

ఆ రాత్రి చేపల కొళంబు చేసింది. తల్లికి ఇష్టమని, వైగై నది చిన్న చేపలు ఏరి ఏరి తెచ్చింది. ఆకులు వేసి వడ్డించిందో లేదో ధనభాగ్యం గొంతు లేచింది.

"ఇన్ని ముళ్ళుండే చేపా తెచ్చేది? ఇంటికొచ్చినోళ్ళ గొంతు కోసేదానికా?"

"మా అమ్మకు ఇష్టం వదినె."

"ఇష్టమంట, ఇష్టం." రక్కమ్మాళ్ ఆకులోంచి చేపలన్నీ ధనభాగ్యం తీసి తన ఆకులో వేసుకుంది. కాంతమ్మాళ్ కళ్ళ ముందే! ఆ తరువాత ముసలామె అన్నంలో తనే చేయి పెట్టి కలిపి, ముద్ద చేసి, ఆకు అంచున పెట్టింది. ఏదో తుంచిన ముక్కలు నాలుగు మాత్రం మళ్ళీ అటు వేసింది. తల్లి మారు మాట లేకుండా తింది. కాంతమ్మాళ్ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. కన్నతల్లికి కూతురింట్లో కూడా కడుపు నిండా తినే రాత లేదా...

తిరిగి వచ్చి, ఏడ్చిన ముఖం కనపడకుండా, దీపావళికి కొనుక్కున్న చీర తీసి తల్లి ఒడిలో పెట్టింది. "చూడమ్మా, మిల్లులో నూలు చుట్టిన కూలి డబ్బుతో నేనే కొనుక్కున్నాను."

తల్లి నోరు తెరిచేలోపల ధనభాగ్యం అందుకుంది. "ఈ చిలకపచ్చ చీర నీకేంటికి మే? అంత పెద్ద జరీ అంచు వేరే. పెళ్ళికూతురివనుకున్నావా?"

తల్లి చీరను అరచేత్తో నిమిరింది. "పచ్చ బాగుండాది పాపా. జరీ కూడా బాగుండాది. నీ రంగుకు నప్పుతుంది."

ఆ మాట ఒక్కటే ఆ రాత్రి కాంతమ్మాళ్‌కు దక్కింది. పడుకునేటప్పుడు తల్లి పక్కన చేరుదామనుకుంటే అక్కడా ధనభాగ్యమే అడ్డంగా పడుకుంది. పెరట్లోకి పోవాలన్నా వెంట ఆమే. తల్లీకూతుళ్ళు ఒంటరిగా ఒక్క మాట మాట్లాడుకుంటే తన గుట్టు ఏం బయటపడుతుందని ఈమెకు భయమో అనుకొని కాంతమ్మాళ్ పళ్ళు కొరికింది.

తెల్లవారింది. బయట లైను పొడుగునా మంచు. మిల్లు సైరను కూయని రోజు కాబట్టి లైను పిల్లలు ఇంకా దుప్పట్లలోనే ఉన్నారు. పక్కింటి యేసుదాస్, కుళందైసామితో పాటు మిల్లులో పనిచేసేవాడు, మఫ్లరు చుట్టుకొని తన మేకను గుంజకు కట్టి, కాఫీ వాసనకు అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"రా రా. పని చేసేదానికి పిలిస్తే రావు, కాఫీకైతే పిలవకుండా వస్తావు," అన్నాడు కుళందైసామి.

"పని ఆరు దినాలు మిల్లుకు చేస్తా ఉండాను కదప్పా. ఈ ఒక్క దినం నా నోరు పని చేస్తుంది."

నడవలో చాప పరచి, చేట నిండా నానిన గింజలు పోసింది కాంతమ్మాళ్. నానిన అనపగింజను రెండు వేళ్ళ మధ్య పట్టి మెల్లగా నొక్కితే, పప్పు పొట్టు విడిచి బయటికి దూకుతుంది. పప్పు కుడివైపు గిన్నెలోకి, పొట్టు ఎడమవైపు మేక కుడితి కుండలోకి. ఆ పద్ధతి ఆమెకు నేర్పింది తల్లే. చిన్నప్పుడు ఒక్క గింజ తప్పినా వేళ్ళ మీద చిన్న దెబ్బ పడేది. ఆ ఇంటి ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ, అటూ ఇటూ చూస్తూ, చేతుల వైపు చూడకుండానే మూటలు మూటలు పితికేసేవారు.

రక్కమ్మాళ్ చేట ముందు కూర్చుంది. గింజల్లో చేయి పెట్టగానే ఆమె ముఖం విప్పారింది. ధనభాగ్యం ఎప్పటిలాగే ఆమె పక్కన చతికిలబడింది.

"లే వదినె," అంది కాంతమ్మాళ్. "ఈ దినం మా అమ్మ పక్కన నేను కూచుంటాను."

"ఏం, నేను కూచుంటే గింజలు అరిగిపోతాయా?"

"రెండేండ్లుగా చూస్తా ఉండాను. తినేటప్పుడు నువ్వే, పడుకునేటప్పుడు నువ్వే. ఆమె నన్ను కన్నది, నిన్ను కాదు. లే."

అరుగు మీది మగవాళ్ళు ఇటు తిరిగారు. ధనభాగ్యం ముఖం నల్లబడింది. ఏదో అనబోయి, అత్త వైపు చూసి, లేచి గడప దగ్గరికి పోయి నిలబడింది. కాంతమ్మాళ్ తల్లికి ఎడమ పక్కన చేరింది. గిన్నె తనకు అందేలా ఇద్దరి మధ్యకు జరుపుకొని, మేక కుండను అవతలి పక్కకు తోసింది. పితకడం మొదలుపెట్టి, ఇన్నాళ్ళు గొంతులో దాచుకున్నది కక్కేసింది.

"అమ్మా, నువ్వు ఇంక వాడిపట్టికి పోవద్దు. ఇక్కడే ఉండు. మీ అల్లుడు కూడా సరేనన్నాడు."

"ఏమి మాట మే అది?" ధనభాగ్యం గడప దగ్గరినుంచే అరిచింది. "ఊరంతా మమ్మల్ని కాండ్రించి ఉమ్మాలనా? కొడుకుండగా కూతురింటికి తోలేసినారని?"

"ఉమ్మనీ. ఆకులో చేప కూడా ఉండనీకుండా లాక్కునేవాళ్ళ మీద ఉమ్మకపోతే ఎవరి మీద ఉమ్ముతారు?"

"కాంతా..." అన్నాడు పెరియసామి.

"నువ్వు మాట్లాడొద్దు, అన్నా. మాట్లాడాల్సిన దినం నువ్వు మాట్లాడలేదు. ఆమెను మేకను లాక్కొచ్చినట్టు చెయ్యి పట్టి లాక్కొస్తుంటే మూట మోసుకొని వెనక వస్తివి."

మాటలు పెరిగేకొద్దీ రక్కమ్మాళ్ చేతులు వేగంగా కదిలాయి. తల ఎత్తలేదు. గింజ వెంట గింజ, గింజ వెంట గింజ... నడవలో ఆ చిన్న చప్పుడు ఒక్కటే. అప్పుడు యేసుదాస్, గొడవను నవ్వుతో మళ్ళించాలనుకున్నాడో ఏమో, మెడ చాచి అన్నాడు:

"పెద్దమ్మా, నా మేకకు క్రిస్మస్ విందు ఇప్పుడే పెడతా ఉండావే? పప్పంతా దాని కుండలోనే వేస్తివి."

కాంతమ్మాళ్ చూసింది. నిజమే. తెల్లటి పప్పంతా కుడివైపున, మేక కుండలోని మురికినీళ్ళలో పడుతోంది. ఎడమవైపు గిన్నెలో, తను వేసిన పప్పు మీద పొట్టు కుప్పగా ఉంది. ఆమెకు నవ్వు రాబోయింది. అంతలోనే ఆ నవ్వు ఎక్కడో ఆగిపోయింది.

తల్లి చేతులు నిలిచిపోయాయి. చేట మీద, ఎటు పోవాలో తెలియనట్టు, గాలిలో ఆగాయి.

"గిన్నె జరిపింది ఎవరు?" ధనభాగ్యం ఒక్క ఉరుకున వచ్చింది. "ఎవరు జరపమన్నారు నిన్ను? కుడి పక్క గిన్నె కుడి పక్కనే ఉండాలని నీకు తెలీదా?"

కాంతమ్మాళ్ తన చేయి తల్లి ముఖం ముందు ఆడించింది. రెప్ప కదలలేదు. తల్లి, కూతురు ఉన్న చోటనుకొని, కూతురి చెవి పక్క గోడకు నవ్వు ముఖం పెట్టి చూస్తోంది.

"అమ్మా..."

"కనపడదు," అంది ధనభాగ్యం. "పోయిన ఏడు మసకగా ఉండేది. ఈ ఏడు ఆడి నెల పోయినాక అదీ లేదు. పెద్దాసుపత్రికి రెండు తూర్లు తీసుకుపోయినాము. నరం ఎండిపోయింది, ఏమీ చెయ్యలేము అన్నారు. చాలునా? ఇంకా తెలుసుకోవాల్నా?"

దోవలో బిందెలు... చేపల ముళ్ళు... ఆకులోంచి తీసిన చేప, ముళ్ళు తీసి మళ్ళీ వేసిన ముక్కలు... చిలకపచ్చ చీర అని, జరీ అంచని గట్టిగా అన్న ఎగతాళి... ఒక్కొక్కటీ వచ్చి కాంతమ్మాళ్ గుండెల మీద కూర్చుంది. తను పోలీసు పట్టు అనుకున్నది ఏమిటి, నిజంగా ఏమిటి!

"నాకొక్క మాట చెప్పకూడదా వదినె? నేను పరాయిదాన్నా?"

"ఒట్టు వేయించుకుంది. నా బిడ్డల మీద. ఆమెనడుగు."

రక్కమ్మాళ్ తడుముకుంటూ కూతురి మోకాలు పట్టుకుంది. "నీకు తెలిస్తే నన్ను పోనిస్తావా పాపా? నన్ను ఇక్కడ పెట్టుకొని, చూసుకునేదానికి ఎవరూ లేరని మిల్లు మానేస్తావు. ఆ పని కోసం నువ్వు ఎంత పోరినావో నాకు తెలీదా? ఈ చీర కొన్నానని చెప్పినప్పుడు నీ గొంతు ఎట్లుండింది... దాన్ని నేను పోగొట్టాల్నా?"

"పనేముందమ్మా, పని పోతే పోయింది..."

"చూడు, అప్పుడే అంటివి." ముసలామె నిట్టూర్చింది. "అక్కడ గోడలకు నా చెయ్యి తెలుసు. బావి దాకా ఎన్ని అడుగులో నా కాలికి తెలుసు. ఇక్కడ నువ్వు మిల్లుకు పోతే, ఈ నాలుగు గోడల మధ్య నేను ఎవరి గొంతు పట్టుకొని నడవాల?"

కాంతమ్మాళ్ తలెత్తి వదినె వైపు చూసింది. క్షమించమని అడగాలనుకుంది. ధనభాగ్యం కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి గానీ, ఆ కళ్ళలో ప్రేమ ఏమీ లేదు.

"అట్ల చూడొద్దు మే. నీ కోసం ఏమీ చెయ్యలేదు నేను. నీ మీద నాకు కోపమే. వచ్చినప్పుడల్లా నన్ను రాక్షసిని చూసినట్టు చూస్తివి. ఆ చూపు పడేదానికి డబ్బులిచ్చి బస్సెక్కి రావాల్నా అనిపించేది. ఎందుకొచ్చినానంటే, వచ్చే శనివారం ఎప్పుడు, వచ్చే శనివారం ఎప్పుడని వారమంతా ఈమె ప్రాణం తీస్తుంది. ఇంట్లో ఏ పని చేయబోయినా అందరూ వద్దంటారు. ఈ చేట దగ్గర ఒక్కచోటే ఎవరూ వద్దనరు. గింజ పితికేదానికి కండ్లెందుకు?"

యేసుదాస్ మఫ్లరుతో ముఖం తుడుచుకొని, మెల్లగా వచ్చి మేక కుండలోంచి పప్పు ఏరడం మొదలుపెట్టాడు. కాంతమ్మాళ్ గిన్నెలో పొట్టు ఏరేసి, కడిగి, తల్లి కుడిమోకాలి పక్కన పెట్టింది. తల్లి చేయి పట్టి గిన్నె అంచు తాకించింది. తను లేచి, జరిగి, ధనభాగ్యం ఎప్పుడూ కూర్చునే చోటు ఖాళీ చేసింది.

ధనభాగ్యం వచ్చి కూర్చుంది. మళ్ళీ గింజలు పితికే చప్పుడు మొదలైంది.

మధ్యాహ్నం అందరూ తిన్నారు. తల్లికి తనే అన్నం కలపబోయింది కాంతమ్మాళ్. "అంత వేడిగానా? నోరు కాలదా? ముందు ఆరనీ," అని వదినె కసిరింది. కాంతమ్మాళ్ ఆరనిచ్చింది. "ముద్ద చిన్నది చెయ్యి." చిన్నది చేసింది. ఇన్నేళ్ళలో వదినె మాట వింటూ మనసులో తిట్టుకోకపోవడం ఆమెకు అదే మొదటిసారి. కొళంబులో ఉప్పెక్కువైందని కూడా ధనభాగ్యం అంది. నిజంగానే ఎక్కువైంది.

సాయంత్రం బస్టాండు దాకా వెళ్ళింది కాంతమ్మాళ్. మిగిలిన కొళంబు పోసిన తూక్కు గిన్నెను తల్లి చేతికి కాక వదినె చేతికి ఇచ్చింది. చలికి తల్లి చెవుల మీదుగా కొంగు కప్పుతూ కిందికి చూసింది. తల్లి మణికట్టును ధనభాగ్యం పట్టుకోలేదు. తల్లే కోడలి కొంగు చివర వేళ్ళకు రెండు చుట్లు చుట్టుకొని, బిడ్డ తల్లిని పట్టుకున్నట్టు పట్టుకొని ఉంది. ఇన్నాళ్ళూ ఇది తనకు ఎందుకు కనపడలేదు...

"వచ్చే శనివారం బిందెలు దోవలో ఉంటే చూడు," అంది ధనభాగ్యం బస్సు మెట్టెక్కుతూ.

"ఉండవు వదినె."

తల్లిని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. బస్సు ఉరిమింది. రక్కమ్మాళ్ కిటికీలోంచి చేయి బయట పెట్టి ఊపింది. కాంతమ్మాళ్ నిలబడింది బస్సు ముందు తలుపు దగ్గర. తల్లి చేయి ఊపుతున్నది వెనకవైపు, టీ కొట్టు ముందు నిలబడ్డ ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషికి. ఆ మనిషి తెల్లబోయి చూస్తున్నాడు.

కాంతమ్మాళ్ జనాన్ని తోసుకుంటూ పరుగెత్తింది. టీ కొట్టు ముందుకు, తల్లి చేయి ఊపుతున్న చోటికి సరిగ్గా వెళ్ళి, ఆ మనిషి పక్కన నిలబడింది. బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, తనూ చేయి ఊపింది.