ఉప్పు చారలు లేని వైపు

అమ్మ పెరటి తలుపు దగ్గర బట్టలు నానబెడుతోంది. అక్క వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని రిపోర్టు రాస్తోంది. ఆ ఇంట్లో ఆమె అందరికీ అక్కే. తమ్ముడు పిలిచీ పిలిచీ అమ్మకీ అదే అలవాటైంది. ఇప్పుడు అలా పిలవడానికి అమ్మ ఒక్కతే మిగిలింది. తమ్ముడు చంటోడు గాజు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర పడిపోయి, ఆ సాయంత్రమే ఆస్పత్రిలో పోయి పదహారు రోజులైంది.

ఒంట్లో వేడి ఎలా పెరుగుతుందో, చెమట దాన్ని ఎలా దించుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం అక్క ఉద్యోగం. ఆమె మోడల్లో ఒక మనిషి ఉంటాడు. తల, ఛాతీ, వీపు, చేతులు, కాళ్లు కలిపి పదహారు ముక్కలు. ఆ మనిషిని కొలిమి ముందు నిలబెట్టి చూసి, నలభై నిమిషాలు పని, ఇరవై నిమిషాలు విశ్రాంతి అని ఆమె ఈమధ్యే రాసిచ్చిన కాగితమే ఫ్యాక్టరీ గోడ మీద ఉంది. చంటోడు ముప్పై ఎనిమిదో నిమిషంలో కూలిపోయాడు.

ఫోన్ మోగింది. మేనేజరు.

"మేడం, లెక్క సరేనన్న రిపోర్టు పదింటికి పంపేస్తారుగా? మధ్యాహ్నం షిఫ్టు మీ కాగితం ప్రకారమే లోపలికెళ్తుంది."

"పంపిస్తాను. లెక్కలో తప్పు లేదు. మావాడే నీళ్లు సరిగా తాగి ఉండడు."

ఫోన్ పెట్టేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"వాడు తాగలేదని ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. ఇంకో కారణం దొరకడం లేదు. వందసార్లు నడిపి చూశాను. నా మనిషికి నలభై నిమిషాల్లో ఏమీ కాలేదు."

"నీ మనిషికి కాలేదు. నా కొడుక్కి అయింది."

"పొద్దున్నే మొదలుపెట్టకమ్మా."

"చిన్నప్పుడు గ్లాసు పగిలినా వాడి పేరే చెప్పేదానివి. అప్పుడు కనీసం కాదనడానికి వాడికి నోరుండేది."

అమ్మ లోపలికెళ్లి ఆస్పత్రివాళ్లిచ్చిన సంచి తెచ్చింది. అందులోంచి చొక్కా తీసి బల్ల మీద పరిచింది.

"దీన్ని ఉతకబుద్ధి కాలేదు."

ఛాతీ మీద, చంకల కింద చెమట ఎండి తెల్లటి ఉప్పు చారలు కట్టింది. అమ్మ చొక్కా తిప్పింది. వీపు వైపు ఒక్క చార లేదు.

"నాలుగేళ్లుగా ఉతుకుతున్నా. ఎప్పుడూ ఇంతే. వెనక వైపు సబ్బు కూడా పెట్టేదాన్ని కాదు."

అక్క ఆ వైపే చేత్తో తడిమింది. చంటోడికి మూడేళ్లప్పుడు మరిగే నీళ్లు పడి వీపు కాలింది. అంతలా కాలి మానిన చర్మానికి చెమట పట్టదు. ఆ సంగతి చదివింది, పరీక్షలో రాసింది కూడా. కానీ గిన్నె జారింది అమ్మ చేతిలోంచి. అప్పట్నుంచి ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చంటోడు అమ్మ ముందు చొక్కా విప్పేవాడు కాదు. ఆ మచ్చ ఎవరికీ గుర్తులేనట్టే బతికారు.

"ఎంత మేర ఉండేదమ్మా?"

అమ్మ బల్ల మీద జానతో కొలిచింది. "రెండు జానల పొడవు, జానన్నర వెడల్పు. ఆస్పత్రిలో వాడి ఒళ్లు తుడిచింది నేనేగా."

అక్క అంత మేర చెమట సున్నా చేసి మోడల్ నడిపింది. ఇరవై ఆరో నిమిషానికే ఒంటి వేడి గీత హద్దు దాటింది.

"ఏమంటోంది?"

"ఇరవై ఆరుకే బయటికి రావాలంటోంది."

అమ్మ కుర్చీలో కూలబడింది. "ఆ మచ్చ పెట్టింది నేను."

"దాన్ని లెక్కలో వదిలేసింది నేనమ్మా."

అమ్మ చొక్కా మడతపెట్టింది. తర్వాత అమ్మ అడిగింది. "మధ్యాహ్నం ఎంతమంది వెళ్తారు?"

"ముప్పై ఒక్కరు."

"వాళ్ల ఒంటి మీద ఏముందో అడిగావా?"

"లేదు."

"ఫోన్ చెయ్యి."

అక్క చేసింది. "ఆ కాగితం గోడ మీంచి తీసేయండి. ఒక్కొక్కళ్లనీ పరీక్ష చేసేదాకా ఎవర్నీ లోపలికి పంపకండి. తప్పు మావాడిది కాదు, నాది."

"ఈ మాట రాసిస్తారా మేడం? మీ ఉద్యోగం..."

"రాస్తున్నాను."

రాసింది కొట్టేసి మొదటి నుంచి మొదలుపెట్టింది. అక్షరాలు మసకబారుతుంటే కళ్లు తుడుచుకుని మళ్లీ రాసింది. అమ్మ వెనక నిలబడి ఆమె వీపు మీద చెయ్యి వేసింది. వీపంతా చెమటకి తడిసి ఉంది. అమ్మ చెయ్యి తియ్యలేదు.