అబీరు ఊరేగింపు

రాజధానిలోని అసన్ బజారులో అబీరు, అభినందనగా మొహానికి పూసే ఎర్రపొడి, అమ్మే పుష్కర్ మానంధర్ తన కొట్టులోనే కుప్పకూలాడు. ఎవరో కొనడానికి వచ్చి, ఇవాళ ప్రధానికి పూసేదీ ఇదేనంటూ, శుభం కలగాలని అతని నుదుటి మీద తమ దగ్గరున్న ఎర్రపొడి చిటికెడు పూసి వెళ్ళారు. పక్క కొట్టువాడు పరుగెత్తి వచ్చేసరికి పుష్కర్ ఒక్క మాటే అనగలిగాడు.

"ప్రధానికి పూయనివ్వకండి."

అప్పటికి ప్రధాని ఇంకా ప్రధాని కాలేదు. కామ్రేడ్ దిగంబర్ సిలవాల్ ఆ మధ్యాహ్నమే ప్రమాణం చెయ్యాలి.

గూఢచారి శాఖ చీఫ్ థిరేంద్ర బస్నేత్ వెంటనే ఏజెంట్ జునేలీ రాణాను పిలిపించాడు. జునేలీకి పెళ్ళయి ఇంకా నెల కాలేదు. మెడలో పెళ్ళి పూసల దండ, దాని నడుమ బంగారు గొట్టంలాంటి తిల్హరి. అందులో వైర్‌లెస్ అమర్చింది శాఖలో టెక్నీషియన్, ఆమె మొగుడు సుగమ్. ప్రమాదం ఎదురైతే చెప్పాల్సిన కోడ్ కూడా అతనే పెట్టాడు: "కూరలో ఉప్పెక్కువైంది." ఆమె మొట్టమొదట వండిన ముల్లంగి కూర మీద కసి అది. ఎంత గంభీరమైన మిషన్‌లో ఉన్నా ఆ మాట గుర్తొస్తే జునేలీకి పెదవుల చివర నవ్వు ఆగదు.

చీఫ్ క్లుప్తంగా చెప్పాడు. విషం చర్మంలోంచి ఎక్కుతుంది. ఇది ఒక విదేశీ ముఠా పని. పాత ప్రభుత్వం దగ్గర కొండ నది మీద ఆనకట్ట కాంట్రాక్టు కొట్టేసింది వాళ్ళే. గద్దెనెక్కగానే దాన్ని రద్దు చేస్తానని సిలవాల్ ఊరూరా చెప్పి గెలిచాడు.

"పూసేది ఎవరు సార్?"

"కుంటుతూ నడిచే ఒక ఫొటోగ్రాఫర్. రోయనా తెచ్చిన సమాచారం."

రోయనా సింగ్ పేరు వినని వాళ్ళు శాఖలో లేరు. ఏ రాయబారి విందులోనైనా అందరి కళ్ళూ ఆమె పట్టుచీర మీదే ఉంటాయి, ఆమె చెవులు మాత్రం పక్క బల్ల మీద ఉంటాయి. ముఠా లోపలికి వెళ్ళి ప్రాణాలతో తిరిగొచ్చిన ఏజెంటు ఆమె ఒక్కతే. ఊరేగింపులో సిలవాల్‌కి కుడి పక్కన రోయనా, ఎడమ పక్కన జునేలీ నడవాలని నిర్ణయమైంది.

బాగ్‌బజార్‌లో పార్టీ ఆఫీసు ముందు అప్పటికే జనం. లోపల సిలవాల్ మేడ మీది గదిలో, కిటికీలోంచి పడే ఎండలో కూర్చుని కమలాపండు వలుచుకుంటున్నాడు. విద్యార్థి సమ్మెలో మొదటిసారి జైలుకెళ్ళినప్పుడు ఆయనకు మీసాలు లేవు. పార్టీలను నిషేధించిన కాలమంతా కొండల్లో అజ్ఞాతంలో గడిపి, మళ్ళీ దొరికి, మళ్ళీ జైల్లో పడి, చివరికి బయటికొచ్చి ఎన్నికల్లో నిలబడేనాటికి ఆ మీసాలు నెరిశాయి. ఆ కొండల్లో ఆయన్ని వెంటాడిన పోలీసుల్లో కుర్ర బస్నేత్ కూడా ఒకడు.

"ఏం బస్నేత్, బిచ్చగాడి వేషంలో నా వెనక తిరిగావు చూడు, అప్పుడే బాగుండేవాడివి," అన్నాడు సిలవాల్. "నీ ఆకలి చూడలేక మొక్కజొన్న పొత్తు కూడా ఇచ్చాను."

"సగం మాడిపోయింది సార్ అది." చీఫ్ నవ్వలేదు. కారులో వెళ్ళమన్నాడు, అద్దాలు దించొద్దన్నాడు, ఇవాళ ఒక్కరోజుకి అబీరు వద్దని మైకులో చెప్పిస్తానన్నాడు.

సిలవాల్ కమలా తొక్కలు చేతిలోకి పోగుచేసుకున్నాడు. "కింద జనంలో పాల్పా నుంచి వచ్చిన ఒక ముసలావిడ ఉంది. నన్ను అటక మీద మొక్కజొన్న కంకుల మధ్య దాచింది. మీ వాళ్ళు ఆవిడ వేళ్ళు విరగ్గొట్టినా నోరు విప్పలేదు. ఆ వంకర వేళ్ళతో నాకు పూస్తానని ఇంత దూరం వచ్చింది. కారు అద్దాలు ఎత్తేసుకుని ఆవిడ ముందు నుంచి పోవాలా? చస్తే చస్తాను గానీ నడిచే పోతాను."

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. జునేలీ మాత్రం చెప్పాల్సింది చెప్పింది. "నడవండి బాబాయ్. కానీ పూసే చెయ్యి మొదట నాకు కనిపించాలి."

"అలాగే నానీ," అన్నాడాయన.

ఊరేగింపు కదిలింది. బాజాలు, ఎర్రజెండాలు, మేడల మీంచి బంతిపూలు. పూసిన ప్రతివాళ్ళూ తమ బుగ్గ ముందుకు చాచారు. ఆయన తిరిగి పూశాడు. అలా పూయించుకోకుండా కదిలితే అది అభినందనే కాదు మరి. పాల్పా ముసలావిడ వంతు వచ్చినప్పుడు, "బక్కచిక్కావు తమ్ముడూ, ప్రధాని అయ్యాకైనా రెండు పూటలా తిను," అని కోప్పడి, మొహమంతా పూయించుకుని మురిసిపోయింది. పూసిన వాళ్ళు పక్కనున్న జునేలీనీ వదల్లేదు. ఆమె కనుబొమ్మలు కూడా ఎర్రబడ్డాయి. ఎంత పనిలో ఉన్నా ఆ చల్లటి పొడి వాసన ఆమెకు హాయిగానే తోచింది.

ప్రమాణం జరిగే రాజమహల్ గేటు దగ్గరికి వచ్చేసరికి చీఫ్ మనుషులు కుంటి ఫొటోగ్రాఫర్‌ని పట్టుకున్నారు. అతని కెమెరాలో ఫిల్మ్ తప్ప ఏమీ లేదు. ఆ కబురు తిల్హరిలో వినిపించిన క్షణంలోనే రోయనా పమిట కింద నుంచి వెండి బరిణె తీసింది.

"చివరగా మీ చెల్లెలి చేతి అబీరు," అంది తియ్యగా.

సిలవాల్ నవ్వుతూ తల వంచాడు. రోయనా చెయ్యి బారుగా చాచింది. బుగ్గ చాచలేదు. మొహాన్ని వెనక్కే ఉంచుకుంది. ఇంతసేపు జనం మధ్య నడిచినా ఆ మొహం మీద ఎరుపు రవ్వంత లేదు. వేళ్ళ మీద మాత్రం పల్చటి రబ్బరు పొర ఎండకు మెరిసింది.

ఆయన నుదుటికీ ఆ వేళ్ళకీ మధ్య వెంట్రుకవాసి ఉండగా జునేలీ ఆ మణికట్టు పట్టుకుంది. మెల్లిగా దాన్ని రోయనా మొహం వైపే తిప్పింది.

"మొదట నీ బుగ్గకి అక్కా."

రోయనా కెవ్వుమని చెయ్యి విదిలించుకుని జనంలోకి దూకింది. కిందపడిన బరిణె మీద జునేలీ తన శాలువా కప్పేసి కాలితో తొక్కిపట్టింది.

"కూరలో ఉప్పెక్కువైంది."

"ఎవర్ని పట్టుకోవాలి? ఇక్కడ వేలమంది ఉన్నారు," అన్నాడు సుగమ్ తిల్హరిలోంచి కంగారుగా.

"శుభ్రమైన మొహాన్ని."

ఎర్రటి మొహాల సముద్రంలో ఒక్కటే తెల్లటి మొహం. మేడల మీది ఆడవాళ్ళు సైతం వేలు పెట్టి చూపించారు. పాల్పా ముసలావిడ వంకర వేళ్ళతో ఆ పట్టుచీర కొంగు పట్టుకుని, పోలీసులు వచ్చేదాకా వదల్లేదు.

రాజమహల్ లోపల ప్రోటోకాల్ అధికారి వెండి చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు, మొహం కడుక్కోమని. సిలవాల్ ఆ నీళ్ళు తాగేసి, ఆ ఎర్రటి మొహంతోనే ప్రజల పేరున ప్రమాణం చేశాడు. సాయంత్రానికి ఆనకట్ట కాంట్రాక్టు రద్దయింది.

మర్నాడు ప్రభుత్వ పత్రిక మొదటి పేజీ నిండా ఆ ప్రమాణం ఫొటో వేసింది, నలుపు తెలుపులో. ఎరుపుని కనబడనివ్వకపోవడం వాళ్ళకు ఎన్నో ఏళ్ళ అలవాటు.