ఒరిగి కూర్చున్న పిల్ల

ఆదివారం ఉదయం ఆ ఇంట్లో కాఫీ కాగేసరికి బావగారు వచ్చేస్తారు. ఆయన ఇంటాయనకు అన్నయ్య, ఎముకల డాక్టరు. ఇంట్లో ఎవరికి ఏ నొప్పొచ్చినా సోఫాలోంచి లేవకుండానే తేల్చేస్తారు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లడమంటే ఆయన్ని గుమ్మం బయట నిలబెట్టినట్టే. కాపురానికొచ్చిన కొత్తలో ఇల్లాలు తన దగ్గు కూడా ఆయనకే చూపించుకుంది. దగ్గు దానంతటదే పోయింది, పేరు మాత్రం ఆయనకు దక్కింది.

ఆమె కూతురు హర్డిల్స్ క్రీడాకారిణి. ఇంట్లో పిలిచే పేరు ఉడుత. ఎండాకాలంలో ప్రాక్టీసు చేస్తూ ట్రాక్ మీద కుప్పకూలింది. బావగారు కాఫీ చప్పరిస్తూ, కండరం పట్టేసిందంతే, నూనె రాసి బాగా సాగదీయమన్నారు. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే తండ్రి కాలు సాగదీస్తాడు, నూనె వేడి చేయడం తల్లి వంతు. పిల్ల పళ్లు బిగబట్టేది. కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చునేది. ఫొటోకి పోజిచ్చినట్టు ఆ కూర్చోవడమేమిటని తల్లి దెప్పేది.

ఈ ఆదివారం నూనె గిన్నె పొయ్యి మీదుండగానే ఉడుత వచ్చి మంట ఆర్పేసింది.

"ఇంక వద్దమ్మా. నిన్న స్కాన్ తీయించుకున్నా."

తొడ వెనక కండరం ఎముక నుంచి పూర్తిగా ఊడిపోయిందట. మొదట్లోనే ఆపరేషన్ చేసుంటే నిక్షేపంగా పరిగెత్తేదట. ఇప్పుడు చేసినా మళ్లీ హర్డిల్స్ దాటుతుందో లేదో చెప్పలేమని స్టేడియం డాక్టరు అన్నాడట. సాగదీయడమైతే అస్సలు చేయకూడని పనట. వార్తలు చదివినట్టు చెప్పింది పిల్ల. తల్లి నూనె గిన్నె వంక అది తనను కరుస్తుందేమో అన్నట్టు చూసింది.

హాల్లో బావగారి గొంతు వినబడుతోంది. ఇప్పుడే చెప్పొద్దు, అన్నయ్య చిన్నబుచ్చుకుంటాడని భర్త గుసగుసగా అన్నాడు.

"ఇన్నేళ్లూ ఆయన కాఫీ చల్లారకుండా చూసుకున్నాం. పిల్ల కాలు మాత్రం చూసుకోలేదు," అందామె, మామూలు గొంతుతోనే. ఆ మాట హాల్లోకి వినబడింది. ముగ్గురూ హాల్లోకొచ్చారు, పిల్ల కుర్చీలో ఒరిగి కూర్చుంది.

బావగారు స్కాన్ ఫిల్ము అడిగి తీసుకుని కిటికీకి ఎదురుగా పట్టుకున్నారు. ఎంతకీ దించలేదు. కాఫీ మీద మీగడ కట్టింది. మొదట్లో ఇలాంటివి మామూలు నొప్పిలాగే ఉంటాయని ఏదో మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశారు.

"నేనసలు కాలు ముట్టుకోనే లేదు కదూ," అన్నారు.

తల్లికి పిల్ల కుప్పకూలిన రోజు కళ్లకు కట్టింది. ఎలా ఉందని ఆయన తమ్ముణ్ణి అడిగారు. తన భర్తే చెప్పాడు, అతను వదిలేసినవి తను అందించింది. కాలు మాత్రం ఉడుతది.

బావగారు సోఫాలోంచి లేచి, మోకాళ్లు కటకటమంటుండగా పిల్ల కుర్చీ ముందు నేల మీద కూర్చున్నారు.

"ఎక్కడమ్మా నొప్పి?"

అప్పటిదాకా తొణకని పిల్ల భోరుమంది. ఏడుస్తూనే చెయ్యి వెనక్కి పోనిచ్చి చూపించింది. రోజూ నూనె రాసిన చోటు కాదది. ఇంకా పైన, కూర్చుంటే కుర్చీకి ఆనే చోటు.

"రేపు ఆ డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. నేనేం చేశానో నా నోటితోనే చెప్తాను," అన్నారాయన, తలెత్తకుండా.

ఉడుత ముక్కు తుడుచుకుంది. "ఆయన కాఫీ ఇవ్వడు పెదనాన్నా."

తల్లి సోఫాలో ఎప్పుడూ బావగారు ఆనుకునే మెత్తటి దిండు తీసుకొచ్చింది. కూతురి నడుం పట్టి మెల్లగా లేపి, ఆ దిండు కుర్చీలో వేసింది.

"ఒరిగే కూర్చో తల్లీ," అంది.