మూల మేకు

మాష్టారు చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నారు. సూదిలో దారం ఎక్కించడం అసిస్టెంటమ్మాయి పని, కుట్టడం ఆయన పని. ఒకప్పుడు బడిలో లెక్కలు చెప్పిన మనిషి, ఇప్పుడు డిటెక్టివు. ఇల్లూ ఆఫీసూ ఆ ఒక్క గదే. ఆమె చేరి రెండేళ్ళయినా, ఆ గదికి కేసుతో తప్ప చుట్టపుచూపుగా ఎవరూ రాగా చూడలేదు.

ఆ పొద్దున వచ్చిన మనిషి గుమ్మంలోనే కూలబడ్డాడు. ఊరి చివర చదును చేస్తున్న స్థలానికి కాపలావాడు.

"మీరే కాపాడాలి బాబూ. హద్దు మేకు మళ్ళీ జరిపేశారు. ఇది మూడోసారి. ఈ సాయంత్రం నన్ను పనిలోంచి తీసేస్తానన్నాడు కంట్రాక్టరు. ఈ వయసులో నన్నింకెవరు పెట్టుకుంటారు?"

"ఎప్పుడు జరుపుతున్నారు?"

"మధ్యాహ్నం నేను అన్నానికి కూచున్నప్పుడే. నేను కునుకు తీస్తున్నానని సర్వేయరు చెప్పాడట."

మాష్టారు దారం కొరికి లేచారు.

స్థలంలో తుప్పలన్నీ కొట్టేశారు. మొద్దులు పెరికిన చోట గుంటలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. హద్దు తేలేదాకా పునాది గీత గీయరట. బుల్డోజరు కదలకుండా పడి ఉంది. అంత ఖాళీ నేల పక్కన ఒక్కటే ఇల్లు. అందులోంచి కుట్టుమిషను చప్పుడు.

మాష్టారు మూలనున్న కొయ్యమేకు పక్కన గొంతుక్కూర్చున్నారు. "మొదటిసారి ఎటు జరిపారు?"

"అడుగు లోపలికండి. రెండోసారి అడుగు బయటికి. ఇప్పుడు మళ్ళీ లోపలికి."

పాత గుంత నీటుగా పూడ్చి, మట్టి దిమ్మిస కొట్టి ఉంది. మేకు గీత గీసినట్టు నిటారుగా నిలబడింది.

"స్థలం మింగాలనుకునేవాడు ఒకవైపే జరుపుతాడు. పని ఆపాలనుకునేవాడు పీకి పారేస్తాడు. ఎవరో దీన్ని పసిపిల్లలా చూసుకున్నారమ్మాయ్," అన్నారు మాష్టారు.

ఆ ఇంటి ప్రహరీకి రెండు సీలలు కొట్టి ఉన్నాయి. చుట్టూ ఎర్రరంగు సున్నాలు. ఇంటావిడ టైలరు, నలభై ఏళ్ళుంటాయి, ఒక్కతే ఉంటుంది.

"అవా? సర్వేయరుగారు మొదటిరోజే కొట్టారండీ. మేకు పోయినా ఇవి సాక్ష్యం చెప్తాయన్నారు. మంచాయన. టీకని వచ్చి మిషను పక్కన కూచుంటారు. లాడ్జిలో గోడలతో మాట్లాడుకునే బతుకంటారు. నా సంగతి మాత్రం? అందరూ కొలతలిచ్చి పోయేవాళ్ళే."

సర్వేయరు స్థలంలో టేపు చుట్టుకుంటూ కనిపించాడు. సన్నటి మనిషి.

"మేకు సరిచెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అడిగారు మాష్టారు.

"స్థలమంతా మళ్ళీ కొలవాలి సార్. మూడు రోజులు."

సాయంత్రం అందరూ టైలరమ్మ ముందుగదిలో చేరారు.

"తొందరగా తేల్చండి," అన్నాడు కంట్రాక్టరు. "నా బండికి తుప్పు పడుతోంది."

"గోడకున్న ఆ రెండు సీలల నుంచీ మేకు ఎంతెంత దూరమో ఈయన పుస్తకంలో రాసే ఉంటుంది," అన్నారు మాష్టారు. "రెండు టేపులు లాగి, అవి కలిసిన చోట మేకు దింపితే సరి. పది నిమిషాల పని. దానికి ప్రతిసారీ మూడు రోజులెందుకు సర్వేయరుగారూ?"

సర్వేయరు చేతిలోని పుస్తకం సంచీలో పెట్టేశాడు.

"కంచే చేను మేసిందా!" కంట్రాక్టరు నోరు తెరిచాడు. "ఈయనకేం లాభం?"

"ఇక్కడ ఇంకో మూడు రోజులు. పనైపోతే ఇంకో ఊరికి పంపేస్తారు కదా." మాష్టారి గొంతులో గెలిచిన సంబరం లేదు. అసిస్టెంటమ్మాయికి అది కొత్తగా అనిపించింది.

"నేను కునుకు తీశానన్నావు కదయ్యా!" అన్నాడు కాపలావాడు సర్వేయరుతో.

"నువ్వు రేపు పనికి రా," అన్నాడు కంట్రాక్టరు, అతని కళ్ళలోకి చూడకుండా.

టైలరమ్మ మిషను చక్రం మీద చెయ్యి ఆనించి అడిగింది. "నిజమేనా?"

"ఇంకేం వంక పెట్టుకుని రావాలో తెలీలేదండీ."

"ఊరికే వచ్చినా తలుపు తీసేదాన్ని. కానీ ఈ పెద్దాయన నోటికాడి కూడు పోయేలా మీరే చాడీ చెప్పారు. ఇప్పుడెలా తియ్యమంటారు?"

సర్వేయరు లేచాడు. సంచీ భుజాన వేసుకుని గడప దాటాడు. చదును చేసిన నేల. చెట్టూ పుట్టా ఏదీ అడ్డం లేదు. చాలాసేపటిదాకా కనిపిస్తూనే ఉన్నాడు.