నాజూకు చేతులు

పొద్దున్నే బేకరీ మీదున్న హాల్లో పాట మొదలైంది. కింద పొయ్యిలోంచి రొట్టెల వాసన మెట్లెక్కి వస్తుంటే, రబ్బరు చాపల మీద నిలబడ్డ ఆడవాళ్లంతా లేత ఊదారంగు డంబెల్స్ అందుకున్నారు. ఒక్కోటి అరకిలో బరువు. చంటిపిల్ల గిలక్కాయకు కాస్త ఎక్కువ, కూరగాయల సంచికి చాలా తక్కువ.

"మనకు కావలసింది కండ కాదమ్మా, షేపు! తేలిక బరువు, ఎక్కువసార్లు! టోన్... టోన్... టోన్!" టీచరమ్మ పాటకు తగ్గట్టు చప్పట్లు కొడుతోంది.

"మరి మా ఆయన జిమ్ములో ఎత్తే ఇనుప బరువులో?" వెనక వరసలోంచి బేకరీ ఆవిడ అడిగింది.

"ఎత్తండి, ఎవరొద్దన్నారు? నెల తిరిగేసరికి ఆయన చొక్కాలు మీకు సరిపోతాయి!"

హాలంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది ముందు వరసలో ఉన్న టీచరమ్మ కన్నతల్లి. అరవై దాటినా వెదురుబద్దలా ఉండేది ఆవిడ. కొత్తగా ఎవరు చేరినా టీచరమ్మ ముందుగా తల్లి చెయ్యెత్తి చూపించేది. "ఈ వయసులో ఈ చేతులు చూడండి, తీగల్లా లేవూ? ఇదీ మన క్లాసు." తల్లి ఆ మాటకు రోజూ కొత్తగా సిగ్గుపడేది, రోజూ కొత్తగా మురిసిపోయేది.

హాల్లో టీచరమ్మ అయినా ఇంట్లో ఆమె పెద్దమ్మాయే. తండ్రి పోయాక తల్లిని తన దగ్గరికి తెచ్చుకుంది. భర్త దూరప్రాంతాల బస్సు డ్రైవరు. వారంలో సగం రోజులు ఆ ఇంట్లో తల్లీ కూతుళ్లే. కలిసి క్లాసుకు వెళ్లడం, కలిసి రావడం, దారిలో ఎవరెవరు ఎంత సన్నబడ్డారో లెక్కలు వేసుకోవడం వాళ్లకు అలవాటు. ఆ రోజూ అలాగే వచ్చారు.

పెద్దమ్మాయి టీ పెడుతుంటే తల్లి వాషింగ్ మెషీన్ దగ్గరికి వెళ్లింది. వంగి లోపలున్న తడి దుప్పటిని రెండు చేతులా బయటికి లాగింది. టక్కుమని చిన్న చప్పుడు. ఆ తర్వాత అరుపు కూడా రాలేదు. పెద్దమ్మాయి వచ్చి చూసేసరికి ఆవిడ మెషీన్ అంచు పట్టుకుని, నోరు తెరిచి, ఊపిరి కోసం వెతుక్కుంటోంది.

"ఏమైందమ్మా?"

"నడుము... నడుములో ఏదో కూలినట్టుందే పెద్దమ్మాయ్. నన్ను కదపకు."

దుప్పటి సగం మెషీన్‌లోనూ, సగం నేల మీదా ఉంది. నీళ్లు కారుతూ తల్లి పాదాలు తడుపుతున్నాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. వెన్నుపూసలన్నీ పేర్చిన పెట్టెల్లా ఉన్నాయి. మధ్యలో ఒక్కటి మాత్రం తొక్కిన అగ్గిపెట్టెలా అణిగిపోయింది.

"మూడేళ్ల కిందట మణికట్టు చిట్లి ఇక్కడికే వచ్చారు కదూ? ఎముకలు పలచబడ్డాయి, మందులతో పాటు బరువులెత్తే వ్యాయామం నేర్పించమని అప్పుడే చెప్పాం. చేయించారా?"

పెద్దమ్మాయి నిటారుగా కూర్చుంది. "రోజూ చేయించానండీ. నేనే ఫిట్‌నెస్ టీచర్ని."

"ఎంత బరువు?"

"అరకిలో. ఎక్కువ సార్లు. వయసైన ఆడవాళ్లు కదా, టోన్ అయితే చాలని..."

డాక్టరమ్మ పెద్దమ్మాయి ఒళ్లో ఉన్న చేతిసంచీ వంక చూసింది. నీళ్ల సీసా, గొడుగు, తాళాలగుత్తి, ఇంకా ఏవేవో. ఆ సంచీ అరకిలో కంటే బరువేనని పెద్దమ్మాయికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ముందుకు వంగి కాలివేళ్లు అందుకోవడం లాంటివి?"

"...రోజూ."

"ఇలాంటి ఎముకలకు అది మంచిది కాదమ్మా." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "చూడండి, మీ క్లాసు ఎముకను విరగ్గొట్టిందని నేననను. వయసుంది, నెలసరి ఆగిపోవడం ఉంది, సరిగ్గా తినకపోవడం ఉంది. కానీ మీ క్లాసు కాపాడనూ లేదు. కండకైనా ఎముకకైనా కష్టం తగిలితేనే, ఇంకా గట్టిపడాలని తెలిసేది. గాలిలో చేతులాడిస్తే వాటికేం తెలుస్తుంది?"

"మళ్లీ మామూలుగా అవుతుందా?"

"అణిగిన పూస మళ్లీ లేవదు. మిగిలినవైనా నిలబెట్టుకోవాలి."

సాయంత్రానికి తల్లి నడుముకు పట్టీ బిగించి ఇంటికి తెచ్చారు. కబురందుకుని చెల్లెలు ప్రెస్సు నుంచి నేరుగా వచ్చింది. అక్కడ ఆమె అచ్చుకు ముందు ప్రూఫుల్లో తప్పులు దిద్దుతుంది. వేళ్లకింకా ఎర్రసిరా మరకలున్నాయి. చిన్నప్పుడు నాన్న ముద్దుగా పెట్టిన పేరు పైల్వాన్. ఆ పేరు అప్పట్లో ఊరికే రాలేదు. బళ్లో వెయిట్‌లిఫ్టింగ్ నేర్పే సారు ఆ పిల్ల భుజాలు చూసి ఏరికోరి తీసుకున్నాడు. రెండుచోట్ల గెలిచి వచ్చింది కూడా. మూడో పోటీకి బట్టలు సర్దుకుంటుంటే తల్లి సంచీ లాక్కుంది. ఆ తర్వాత పేరొక్కటే మిగిలింది.

తల్లిని పలకరించి వచ్చి చెల్లెలు వంటింట్లో బల్ల ముందు కూలబడింది. పెద్దమ్మాయి డాక్టరమ్మ మాటలన్నీ చెప్పింది, కాలివేళ్ల సంగతి తప్ప. కాసేపటికి అదీ చెప్పేసింది.

"అక్కా, ఒక్కటి అడుగుతాను. టోన్ అంటే ఏమిటి?"

"ఇప్పుడా ఎకసెక్కాలు?"

"ఎకసెక్కం కాదు. రోజూ పొద్దున్నే చప్పట్లు కొట్టి మరీ చెప్తావుగా. అర్థం చెప్పు."

"అంటే... కండ పెరక్కుండా గట్టిపడటం. సన్నగా, పొడుగ్గా..."

"కండ పొడుగవుతుందా? అటో ఎముకకీ ఇటో ఎముకకీ అతుక్కుని ఉండేది, పొడుగై ఎక్కడికి పోతుంది?"

పెద్దమ్మాయి టీ గిన్నె అందుకుని కడగడం మొదలుపెట్టింది.

"ఒంట్లో కండ ఉంటుంది, కొవ్వు ఉంటుంది. ఒకటి పెరుగుతుంది, ఒకటి తగ్గుతుంది. మధ్యలో ఈ టోన్ ఎవరు? మన చుట్టమా? అర్థంలేని మాట కనబడితే నేను కొట్టేసి పక్కన గుర్తు పెడతాను. నువ్వు ఆ మాట మీద అమ్మ వెన్నెముకను నిలబెట్టావు."

"నాకెలా నేర్పితే అలాగే నేర్పాను!" పెద్దమ్మాయి గొంతు లేచింది. "శిక్షణలో ఇదే చెప్పారు. ఆడవాళ్లు మెట్లెక్కి వచ్చేది కూడా ఆ ఒక్క మాట కోసమే. బరువులంటే వచ్చిన దారినే పోతారు. నీకేం, చుట్టపుచూపుగా వచ్చి తప్పులు పడతావు. అమ్మను చూసుకునేది నేను."

"చూసుకున్నావు! మణికట్టు విరిగినప్పుడు ఇదే బల్ల దగ్గర కూర్చుని బతిమాలాను. మంచి చోట చేర్పిద్దాం, కొద్దికొద్దిగా బరువు పెంచుతూ నేర్పిస్తారని. అప్పుడేమన్నావు? కుర్చీలో కూర్చుని అక్షరాలు దిద్దేదానివి నాకు చెప్తావా అన్నావు. అమ్మ చేతులు మొద్దుల్లా అయిపోతాయన్నావు. అరవయ్యేళ్ల మనిషికి మొద్దుల్లాంటి కండలు! పదహారేళ్లప్పుడు రోజంతా ఇనుము మోసినా నాకు రాలేదక్కా అవి."

"దాన్నేమీ అనకు."

లోపలి గదిలోంచి వచ్చిన గొంతు సన్నగా ఉంది. తలుపు తెరిచే ఉందన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. లోపలికి వెళ్తే తల్లి పైకప్పు వంక చూస్తూ పడుకుని ఉంది. పక్కకు తిరగడానికి వీల్లేక కళ్లనీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి.

"అది నేర్చుకున్నదేమిటే, నేనే దానికి నూరిపోశాను. మీరు పుట్టకముందు నుంచీ నేను హోటల్ లాండ్రీలో పనిచేశాను. మీ నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు, నేనూ చెప్పలేదు. తడి దుప్పట్ల బుట్ట భుజానికెత్తుకుని మూడంతస్తులు ఎక్కేదాన్ని. మగవాళ్లు ఇద్దరు కలిసి పట్టేది నేనొక్కదాన్నే మోసేదాన్ని. నా చేతులు ఎలా ఉండేవో తెలుసా?"

పెద్దమ్మాయి తల్లి చెవుల పక్కన తడిని చేత్తో తుడిచింది.

"మీ నాన్న తరఫు వాళ్లింట్లో ఏదో విందు. పొట్టిచేతుల జాకెట్టు వేసుకున్నాను. మీ మేనత్త అందరి ముందూ అంది, మగాడికి ఆడబట్టలు తొడిగినట్టుందని. నవ్వారు. మీ నాన్న కూడా నవ్వాడు. అంతే. పని మానేశాను. చేతులు సన్నబడేదాకా సగం కడుపే తిన్నాను. తర్వాత అదే అలవాటైపోయింది. ఇదిగో, దీనికి నా భుజాలొచ్చాయి. చూడగానే గుండె గుభేలుమంది. నలుగురూ దీన్ని చూసీ నవ్వుతారని ఆ సంచీ లాక్కున్నాను."

"బరువులెత్తితే గర్భసంచి జారుతుందని చెప్పావు కదమ్మా నాతో," అంది చెల్లెలు. గొంతులో ఇందాకటి వాడి లేదు.

"చెప్పాను. ఆ బుట్టలు మోస్తూనే మీ ఇద్దర్నీ కన్నాను. అయినా చెప్పాను. నా ఒంటికి తెలిసింది నేను నమ్మలేదే. ఎవరో నవ్వుతూ అన్నది నమ్మాను. ఇవాళ ఒక్క దుప్పటి. ఒక్కటే కదే!"

పెద్దమ్మాయి మంచం పక్కన నేల మీద కూర్చుని ముఖం పరుపుకేసి దాచుకుంది. హాల్లో తల్లి చెయ్యెత్తి చూపించిన ఉదయాలన్నీ గుర్తొచ్చాయి. ఆ తీగల్లాంటి చేతుల్లో తాను చూసింది నాజూకు అనుకుంది. చూసింది నీరసం. లోపల చెద తింటున్న గుమ్మానికి బయట రంగులేసి నలుగురికీ చూపించింది. చెల్లెలు పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. అది ఓదార్పో, అలసటో ఇద్దరికీ తెలియలేదు.

మరుసటి వారం పెద్దమ్మాయి హాలుకు వెళ్లింది కానీ పాట పెట్టలేదు. ఊదారంగు డంబెల్స్ పంచలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. టోన్ అన్న మాటకు అర్థం తనకే తెలియదని, బరువెత్తితే ఆడవాళ్లు మగవాళ్లైపోరని, తాను నేర్పినదాంట్లో చాలా వరకు తప్పని, సరైనది ఇప్పుడు నేర్చుకోవడానికి వెళ్తున్నానని.

బేకరీ ఆవిడే ముందు లేచింది. "మీ అమ్మగారికి అలా అయినందుకు బాధగానే ఉంది టీచరమ్మా. కానీ మాకు ఇనుపకడ్డీలు వద్దు. సన్నబడదామని వచ్చాం, అంతే."

"చొక్కాల సంగతి చెప్పి నవ్వించింది మీరే కదండీ," అంది మరొకావిడ, చాప చుట్టుకుంటూ.

నెల తిరిగేసరికి హాలు సగానికి పైగా ఖాళీ అయింది. ఎదురు వీధిలో గులాబీరంగు బోర్డు పెట్టిన కొత్త క్లాసుకు వెళ్లిపోయారు. ఇన్నాళ్ల అబద్ధానికి ఎవరికీ కోపం రాలేదు. నిజం చెప్పినందుకే వచ్చింది.

ఇంట్లో పట్టీ విప్పిన రోజున తల్లి గోడ పట్టుకుని వంటింటిదాకా నడిచింది. ఎప్పుడూ అందుకునే అరలోని గ్లాసు అందలేదు. మునివేళ్ల మీద లేవబోయి భయపడి ఆగిపోయింది. ఒళ్లు ముందుకు వాలింది. కూతురి ముఖం చూడాలంటే ఇప్పుడు కళ్లెత్తాలి. వెనక్కి తిరిగింది. పెద్దమ్మాయి ఆ గ్లాసులన్నీ కింది అరలోకి మార్చి, అక్కడే నిలబడి ఏడ్చింది.

డాక్టరమ్మ పంపిన ఫిజియోథెరపిస్టు మొదటి వ్యాయామం చెప్పి వెళ్లాడు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. అంతే. అది వస్తే ఆ తర్వాత చిన్న బరువు, ఆ తర్వాత ఇంకొంచెం. చెల్లెలు రోజూ ప్రెస్సు నుంచి ఇటే వచ్చేది. అక్కాచెల్లెళ్లు చెరోపక్కన నిలబడేవారు. తల్లి రొమ్ము మీద చేతులు కట్టుకుని బలమంతా కూడదీసుకునేది. తొడలు వణికేవి. కుర్చీని వదిలేది కాదు.

"రావట్లేదే," అంది ఒక సాయంత్రం. "బుట్టలు మోసిన కాళ్లే ఇవి. నన్నే మోయలేకపోతున్నాయి."

పెద్దమ్మాయికి హాల్లో వేల సార్లు అన్న మాటలు నోటిదాకా వచ్చాయి. శభాష్, ఇంకొక్కటి, అయిపోయింది. ఒక్కటీ బయటికి రాలేదు.

తల్లి చిన్నకూతురి వంక చూసింది. "పైల్వాన్, ఇలా రా." దగ్గరికొస్తే మోచేతి పైన పట్టుకుని వేళ్లతో నొక్కి చూసింది, దేనికోసమో తడుముతున్నట్టు.

"ఏముందమ్మా అక్కడ, ఎప్పుడో కరిగిపోయింది."

"నేనే కరిగించాను." తల్లి ఆ చేతిని వదల్లేదు. "ఎంత బాగుండేవే నీ భుజాలు. ఒక్కనాడైనా చెప్పానా నీకు?"

చెల్లెలు వంగి తల్లి భుజం మీద తల ఆనించబోయి, ఆ ఎముకలకు తన తల బరువవుతుందేమోనని భయపడి, నేల మీద కూర్చుని ఒళ్లో ఆనించింది. పదహారేళ్లప్పుడు సంచీ లాక్కున్న రోజున కూడా ఏడవని మనిషి వెక్కివెక్కి ఏడ్చింది. పెద్దమ్మాయి ఇద్దరినీ కలిపి పట్టుకుంది. చాలాసేపు ఆ గదిలో ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు.

తర్వాత చెల్లెలు ముక్కు తుడుచుకుని లేచి బల్ల దగ్గర నుంచి రెండు కుర్చీలు లాక్కొచ్చింది. ఒకటి అక్కకు చూపించి, ఇంకోదాంట్లో తను కూర్చుంది. ముగ్గురూ వరసగా కూర్చుని చేతులు కట్టుకున్నారు. పెద్దమ్మాయి అలవాటు కొద్దీ తల్లి మోచేతి కింద అరచెయ్యి పెట్టింది.

"తియ్యి," అంది తల్లి.

పెద్దమ్మాయి చెయ్యి తీసేసింది. ముగ్గురూ ముందుకు వాలి లేచారు. కూతుళ్లిద్దరూ పూర్తిగా నిలబడ్డారు. తల్లి జానెడు లేచింది. అక్కడే గాలిలో ఒక క్షణం ఆగి, మళ్లీ కుర్చీలో కూలబడింది.