చెవి పరీక్షలో తప్పిన గాయకుడు

జనవరి తొమ్మిది, సోమవారం ఉదయం పదకొండుంబావుకు ఒక గాయకుడు చెవి పరీక్షలో తప్పాడు.

పరీక్ష పెట్టిన టెక్నీషియన్ అతన్ని శబ్దం చొరబడని గదిలోంచి బయటికి పిలిచింది. కాగితం రెండుసార్లు చూసింది. మూడోసారి అతన్ని చూసింది.

"బటన్ ఎన్నిసార్లు నొక్కారో తెలుసా?"

"వినిపించినప్పుడల్లా నొక్కానండీ."

"నేను వినిపించింది నలభైసార్లు. మీరు నొక్కింది అరవై మూడు."

"ఆ బీప్‌లు ఒక లయలో వస్తున్నాయి. తర్వాతది ఎక్కడ పడాలో తెలిసిపోతోంది. అక్కడ నొక్కాను."

"పడిందా మరి?"

"పడాలి."

"నేను వెయ్యందే ఎలా పడుతుంది? లేని శబ్దం వినిపిస్తే దానికి మా పుస్తకాల్లో జబ్బు పేరుంది. మీరు ఆ బాపతు కాదులెండి."

"నేనే బాపతు?"

"వినేదాకా ఆగలేని బాపతు. రెండు వారాలు హెడ్‌ఫోన్స్ ముట్టుకోకండి. ఇరవై మూడున మళ్లీ రండి. ఈసారి వాయించొద్దు, వినండి."

అతను తల ఊపి వచ్చేశాడు. తాను గాయకుడినని మాత్రం చెప్పలేదు. చెవి పరీక్షలో తప్పిన రోజున చెప్పుకోవలసిన సంగతి కాదది.

అతని వృత్తి ఇండిపెండెంట్ మ్యూజిషియన్. ఉండేది అక్క ఇంట్లో, పాడేది అక్క బట్టల గదిలో, రికార్డు చేసేది బావ పాత ల్యాప్‌టాప్‌లో. ఇండిపెండెన్స్‌కి కావలసినవన్నీ ఇంట్లోవాళ్లే సమకూర్చారు.

పాటలు నెట్‌లో పెట్టుకునేందుకు 'ఏడో అంతస్తు' అని పేరు పెట్టుకున్నాడు. ఇల్లు గ్రౌండ్ ఫ్లోరు. ఆ పేరు సూచించింది ఒక మ్యూజిక్ కన్సల్టెంటు. పేరులో ఒంటరితనం ఉండాలనీ, ముఖం ఎక్కడా చూపించొద్దనీ, మిస్టరీ అమ్ముడుపోతుందనీ ఆ కన్సల్టెంటే చెప్పాడు. రెండో సలహా ఫోటో చూశాక ఇచ్చాడు.

"ఏడో అంతస్తు గారూ, చెత్తబుట్ట బయట పెట్టండి" అనేది అక్క రోజూ పొద్దున్న.

ఆ అక్కే గడువు కూడా పెట్టింది.

"ఒరేయ్, ఒక్క ఏడాది. డిసెంబర్ ముప్పై ఒకటి లోపల నీ పాట ఈ గుమ్మం దాటి నలుగురి దగ్గరికి వెళ్తే ఇంకో ఏడాది ఇస్తాను. లేకపోతే రెండో తారీఖున బావ ఆఫీసులో కూర్చో."

బావది లిఫ్టులు బాగుచేసే కంపెనీ.

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఫోన్ చేస్తారు బామ్మర్దీ. వాళ్లని కంగారుపడకుండా చూడాలి. నీ గొంతు మెత్తగా ఉంటుంది, పనికొస్తుంది" అన్నాడు బావ. అతని గొంతుకి ఆ ఏడాది దక్కిన మొదటి పొగడ్త అది.

గుమ్మం దాటడానికి దారి ఒకటే ఉంది. నెట్‌లో 'పది పాటలు' అని ఒక పేజీ. రాసేదెవరో తెలియదు. వారానికోసారి కొత్తవాళ్ల పాటల మీద నాలుగు ముక్కలు, ఏటా డిసెంబర్ ముప్పై ఒకటి సాయంత్రం ఆ ఏడాదికి పది పాటల జాబితా. ఊళ్లో ఒక నాలుగొందల సీట్ల హాలు మేనేజరు మార్చి కచేరీలకి గాయకుల్ని ఆ జాబితాలోంచే ఏరుకుంటాడు.

జనవరి పదహారున అతను తన పాట ఒకటి విడుదల చేశాడు. వాన పాట. ఇరవయ్యో తేదీన ఆ పేజీలో దాని మీద ఇలా వచ్చింది:

"ఏడో అంతస్తు పాట విన్నాను. పాట పొడుగునా వాన కురుస్తుంది. ఆ వాన బాత్రూంలో కురిసింది. టైల్స్ వినిపిస్తున్నాయి. చివర్లో షాంపూ డబ్బా పడింది."

అంతా నిజమే. షాంపూ అక్కది.

ఇరవై మూడున అతను చెవి పరీక్ష పాసయ్యాడు. రిపోర్టు ప్రింటు తేవడానికి టెక్నీషియన్ పక్క గదిలోకి వెళ్లింది. ఆమె కంప్యూటర్ తెర మీద 'పది పాటలు' పేజీ తెరిచి ఉంది. సగం రాసిన వాక్యం చివర గీత మిణుకుమంటోంది.

"ఇది రాసేది మీరా?" అన్నాడు ఆమె రాగానే.

"మీరు చదువుతారా?"

"మా అక్క చదువుతుంది."

"మీరు పాడరు కదా?" ఆమె రిపోర్టు మడుస్తూ అడిగింది. "పాడితే ఇప్పుడే చెప్పండి. తెలిసినవాళ్ల పాటల మీద నేను రాయను. ఒకసారి మా పిన్ని కొడుకు పాట బాగుందని రాశాను. బాగాలేదు. తర్వాత ఆరునెలలు నేను దేన్ని మెచ్చుకున్నా, వీడు ఈవిడకి ఏమవుతాడని అడిగారు."

"నేను లిఫ్టుల కంపెనీలో పనిచేస్తాను" అన్నాడు అతను.

అక్క మీద చెప్పిన అబద్ధం వారంలో నిజమైంది. ఆ పేజీ చదివి వినిపించమని అతనే అక్కకి అప్పగించాడు. రెండో అబద్ధం పదకొండు నెలలు బతికింది.

ఫిబ్రవరి నుంచి అతను సాయంత్రం అయిదుకి క్లినిక్ ఎదురుగా ఉన్న బస్టాపులో కనిపించసాగాడు. ఆమె బస్సే ఎక్కేవాడు. ఆ బస్సు అతని ఇంటివైపు వెళ్లదు. ఆ సంగతి ఆమె ఏప్రిల్‌లో కనుక్కుంది. మే దాకా అడగలేదు.

"మీ ఇల్లు అటు. ఈ బస్సు ఇటు" అంది మేలో.

"లిఫ్టులు ఇటే ఉన్నాయండీ."

"రోజూ అయిదింటికే చెడిపోతాయా?"

"పద్ధతి గల లిఫ్టులు. వేళ తప్పవు."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. అద్దంలో ఆమె నవ్వు అతనికి కనిపించింది. కనిపించిందని ఆమెకీ కనిపించింది.

ఆ నెలలోనే ఒక కాఫీ షాపు సెల్లార్‌లో కొత్త గాయకుల కచేరీకి ఆమె అతన్ని తీసుకెళ్లింది. ప్రేక్షకులు పదిహేడు మంది. పన్నెండుమంది తమ వంతు కోసం కూర్చున్న గాయకులు. ముగ్గురు వాళ్ల అమ్మలు. మిగిలినవాళ్లు వీళ్లిద్దరు. ప్రతి గాయకుడూ పాటకి ముందు, ఇది అందరికీ అర్థం కాకపోవచ్చు అని చెప్పాడు. పాట కాగానే అమ్మ ఉన్నవాడు అమ్మతో, లేనివాడు గిటారుతో వెళ్లిపోయాడు. పన్నెండోవాడు పాడేసరికి ఎదుట ఇద్దరే ఉన్నారు.

"వీళ్లు ఎవరి కోసం పాడుతున్నట్టు?" అందామె మెట్లెక్కుతూ.

"తమ కోసం."

"అయితే ఇంట్లో పాడుకోవచ్చుగా?"

"ఇంట్లో అక్కలు ఊరుకోరు" అన్నాడతను. ఆమె ఆగి అతని ముఖంలోకి చూసింది. "లిఫ్టులో ఎవరో చెబితే విన్నాను" అన్నాడు.

మర్నాడు ఏడో అంతస్తు రెండో పాట మీద పేజీలో ఇలా ఉంది: "నాలుగు నిమిషాల పాట. మూడు నిమిషాలు గొంతు సవరించుకున్నాడు. నాలుగో నిమిషంలో మొదలుపెడతాడని ఎదురుచూశాను."

ఆ సాయంత్రం బస్సులో ఆమె ఇంకో మాట కలిపింది.

"ఆ మనిషి ఎవరో గానీ గొంతుంది. దాని మీద దుప్పట్లు కప్పి దాచుకుంటాడు. ఎందుకో."

"చలేమో."

"భయం. ఒక్క దుప్పటి తీసినా చాలు."

అతను ఇంటికెళ్లి పాట మీంచి ప్రతిధ్వనిలాంటి పదకొండు ఎఫెక్టులు తీసేశాడు. తీశాక మిగిలింది విని తలుపు గడియ పెట్టుకున్నాడు. మర్నాడు మళ్లీ విన్నాడు. అంత ఘోరంగా ఏమీ లేదు.

జూలై పదకొండున అయిదూ ఇరవైకి వాన మొదలైంది. బస్సు రాలేదు. బస్టాపులో వాళ్లిద్దరే.

"కళ్లు మూసుకోండి" అందామె. "ఎన్ని వానలు?"

"ఒకటే."

"మళ్లీ వినండి. పైన రేకు మీద ఒకటి. ప్లాస్టిక్ కుర్చీ మీద ఒకటి. అదిగో, ఆ సైకిలతని కోటు మీద ఇంకోటి, దూరమైపోతోంది. జనవరిలో ఒకాయన వాన పాటంటూ షవర్ తిప్పాడు. పాపం, బయటికి వచ్చి నిలబడితే సరిపోయేది."

అతను ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి బెంచీ మీద పెట్టాడు. పది నిమిషాలు ఇద్దరూ విన్నారు. బస్సు వచ్చేసరికి ఆమె గొడుగు తెరిచింది.

"రండి. అంత ఎడంగా నడిస్తే తడుస్తారు."

"పర్లేదండీ, మీరు వెళ్లండి."

"గొడుగొకటే ఉన్నప్పుడు మీరు, అండీ అంటే కుదరదు. చోటు చాలదు. రా."

ఆ రోజు నుంచి ఇద్దరూ నువ్వు అనే పిలుచుకున్నారు.

అక్టోబర్ పన్నెండున ఏడో అంతస్తు కొత్త పాట వచ్చింది. ఒక గిటారు, ఒక గొంతు, వెనక బస్టాపు వాన. ఆ రాత్రికే పేజీలో మూడు వాక్యాలు పడ్డాయి: "విన్నాను. మళ్లీ విన్నాను. డిసెంబర్ జాబితాలో దీనికి చోటుంది."

అక్క అది పైకి చదివింది. బావ టీవీ కట్టేసి మళ్లీ చదవమన్నాడు.

"గుమ్మం దాటినట్టేనా?" అన్నాడు.

"హాలువాళ్లు పిలిస్తే దాటినట్టు" అంది అక్క.

నవంబర్‌లో హాలు మేనేజరు నుంచి మెసేజ్ వచ్చింది. జాబితాలో పేరుంటే మార్చి పదో తేదీ మీదే. అక్క ఆ మెసేజ్‌ని తన ఫోన్‌కి పంపించుకుంది. అతను మాత్రం మూడు రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగాడు. నాలుగో రోజు భోజనాల దగ్గర సంగతంతా చెప్పాడు. రాసేది ఎవరో, నియమం ఏమిటో, తను లిఫ్టుల మనిషి ఎలా అయ్యాడో.

"ఇందులో ఏముంది? ముప్పై ఒకటి దాటనిచ్చి చెప్పు" అన్నాడు బావ. "జాబితా వచ్చేస్తుంది, పిల్లా ఉంటుంది."

"ఆ పిల్ల పదిమందిలో అన్న మాట తెలియకుండా తప్పుతుంది" అంది అక్క. "తప్పించినవాడు వీడవుతాడు."

"అంటే చెప్పెయ్యమంటావా అక్కా?"

"నేనేమీ అనడంలేదు. మీ బావ ఆఫీసుకి కొత్త ఫోన్ కొన్నారు. బాగుంది. అదే చెబుతున్నాను."

అతను డిసెంబరంతా రోజూ చెబుదామనే బస్టాపుకి వెళ్లాడు. రోజూ లిఫ్టుల గురించి మాట్లాడి వచ్చాడు. అప్పటికి ఆ కంపెనీలో పనిచేసేవాళ్లకన్నా అతనికే లిఫ్టుల సంగతులు ఎక్కువ తెలుసు.

డిసెంబర్ ఇరవై తొమ్మిది, శుక్రవారం సాయంత్రం అయిదూ పదికి చెప్పాడు.

"ఏడో అంతస్తు నేనే."

బస్సు వచ్చింది. ఆమె ఎక్కలేదు. బస్సు వెళ్లిపోయింది.

"తెలుసు" అంది.

"ఎప్పటినుంచి?"

"అక్టోబర్ పద్నాలుగు నుంచి. మొదట క్లినిక్ స్పీకర్‌లో విని రాసేశాను. రెండు రోజుల తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. రెండు నిమిషాల నలభై సెకన్ల దగ్గర వెనకాల ఎవరో తుమ్మారు. నా తుమ్ము నాకు తెలియదా?"

"తాళంలో పడిందని ఉంచేశాను."

"పడింది. అందుకే కోపం కూడా సరిగ్గా రాలేదు."

"మరి రెండున్నర నెలలు అడగలేదేం?"

"ముప్పై ఒకటి దాకా నీకు టైముంది కదా. చెబుతావా, మార్చి పది చూసుకుని నోరు మూసుకుంటావా అని చూశాను."

"మార్చి పది సంగతి నీకెలా తెలుసు?"

"ఏటా ఆ తేదీ మా జాబితాకే ఇస్తారు. నోరు మూసుకుని ఉంటే పాటనీ తీసేసేదాన్ని, నిన్నూ తీసేసేదాన్ని."

"ఇప్పుడు?"

"పాట తీసేస్తాను."

అతను బెంచీ మీద కూర్చున్నాడు.

"బాధగా ఉందా?" అంది.

"ఉంది."

"ఉండాలి. మంచి పాట."

తర్వాతి బస్సు అయిదూ నలభైకి వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. ఆమె చెప్పిన మాటలో రెండో సగం లేదని అతను మూడో స్టాపు దగ్గర గమనించాడు. గమనించాడని ఆమెకి నాలుగో స్టాపు దగ్గర తెలిసింది. అతను పట్టుకున్న చెయ్యి లాక్కోలేదు.

డిసెంబర్ ముప్పై ఒకటి సాయంత్రం ఆరుకి జాబితా వచ్చింది. తొమ్మిది పాటలున్నాయి. కింద ఒక గమనిక ఉంది: "పదోది తీసేశాను. పాట బాగుంది. పాడినతను నాకు తెలుసు."

"తెలుసు అంటే ఎంత తెలుసు?" అన్నాడు బావ.

అదే ప్రశ్న ఏడున్నరలోగా ఆ పేజీలో ముప్పై ఎనిమిదిమంది అడిగారు. ఆమె ఎవరికీ బదులివ్వలేదు. ముప్పై తొమ్మిదోది అక్క రాసింది.

"నేను అతని అక్కనమ్మా. మావాడు నీకు ఎంత తెలుసో మాకూ తెలియాలి కదా. రేపు మధ్యాహ్నం భోజనానికి రా."

ఏడూ నలభైకి బదులొచ్చింది: "వస్తాను. అమ్మని కూడా తీసుకొస్తాను."

హాలు మేనేజరు మార్చి పదో తేదీని జాబితాలోని మూడో పాటకి ఇచ్చాడు.

జనవరి ఒకటి మధ్యాహ్నం పన్నెండూ నలభైకి తల్లీ కూతురూ వచ్చారు. భోజనాల దగ్గర ఆమె తల్లి, ఏం చేస్తుంటావు బాబూ అని అడిగింది. రేపు ఉదయం తొమ్మిదికి లిఫ్టుల కంపెనీలో చేరుతున్నానని అతను చెప్పాడు. సాయంత్రాలు పాడతాడని ఆమె చెప్పింది. తల్లి రెండోసారి పెరుగు వడ్డించుకుంది. ఇద్దరికీ ఇష్టమైతే తనకేమీ అభ్యంతరం లేదని అక్కతో అంది. తమకీ లేదని అక్క అంది. బావ ఆ మాటకి లేచి నిలబడ్డాడు, ఎందుకో తెలియక కూర్చున్నాడు.

రెండూ ఇరవైకి అతను హాల్లో కూర్చుని బస్టాపు పాట పాడాడు. పాట మూడు నిమిషాల యాభై సెకన్లు. ఆమె రెండోసారి పాడమంది. పాడాడు.