నవ్వే మనిషి పక్కన

పాలు పొంగి స్టవ్వంతా కారుతున్నా పళ్ల మేస్త్రి కుర్చీలోంచి లేవలేదు.

“ఏమండీ! ముక్కు కూడా ఆ ఫొటోకే అప్పగించేశారా? మాడు వాసన రావట్లేదూ?” అంటూ భార్య పెరట్లోంచి పరుగున వచ్చి స్టవ్వు కట్టేసింది.

“చెయ్యి తీస్తే చెవి ఊడిపోతుందే,” అన్నాడాయన తలెత్తకుండా.

కట్టుడు పళ్లు తయారుచేయడం ఆయన వృత్తి. వీధి వీధంతా పళ్ల మేస్త్రి అనే పిలుస్తుంది. పళ్లకు మైనం చెక్కే పనిముట్లతోనే ఈ మధ్య వంటింటి బల్ల మీద సైనికుల బొమ్మలు చేస్తున్నాడు. సన్నని తీగను మనిషి ఆకారంలో వంచి, దాని మీద పుట్టీ అద్ది, అది గట్టిపడేలోపు బట్టల మడతలూ గుండీలూ చెక్కాలి. బెత్తెడు బొమ్మలో చెవి ఆవగింజంత ఉంటుంది. ఎదురుగా గోడకు ఆనించి ఒక పాత ఫొటో ఉంది. యుద్ధంలో, లారీ పక్కన దుంగ మీద కూర్చున్న నలుగురు సైనికులు. ఆ ఫొటో టపాలో ఇంటికి వచ్చింది. అది పంపిన మనిషి రాలేదు.

ఆ మనిషి భార్యే మేస్త్రి అత్తగారు. ఆవిడకు చూపు మందగించి, ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు. ఆ మనిషి కూతురే ఇప్పుడు స్టవ్వు తుడుస్తున్నది. తండ్రి యుద్ధానికి వెళ్లేనాటికి ఆమె ఇంకా పుట్టలేదు.

బొమ్మల ఆలోచన ఆమెదే. “అమ్మకి ఇంక ఫొటో కనపడదు. చేత్తో తడిమి చూసుకునేట్టు నాన్నని చేసిపెట్టండి,” అని అడిగింది. ఒక్కడినే చేస్తే బోసిగా ఉంటుందని మేస్త్రి నలుగురినీ మొదలుపెట్టాడు.

మధ్యలో టోపీ వెనక్కి నెట్టి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఆయనే ఆమె ఎరిగిన నాన్న. చిన్నప్పుడు పరీక్ష మార్కులు ముందు ఆ నవ్వుకే చెప్పుకునేది. పెళ్లినాడు కొత్త బట్టలు కట్టుకుని ముందు ఆ నవ్వుకే చూపించింది.

మేస్త్రిని ఇబ్బంది పెట్టింది అంచున ఉన్న నాలుగో మనిషి. తల బాగా వంచేశాడు. మొహమంతా నీడ. ఒళ్లో కోటు, రెండు వేళ్ల మధ్య ఏదో పట్టుకున్నట్టుంది. అక్కడ ఫొటో వెలిసిపోయింది. సిగరెట్టు అయివుంటుందనుకుని వెంట్రుకంత తీగముక్క అతికించాడు. మొహం మాత్రం ఏమీ చెక్కకుండా నున్నగా వదిలేశాడు.

“అమ్మా, ఇలా రా. నీకొకటి ఇస్తా,” అని కూతురు తల్లిని నడిపించుకొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టింది. ఆమె చెయ్యి పట్టుకుని నవ్వే బొమ్మ మీద పెట్టింది. “ఇదిగో, నాన్న!”

పెద్దావిడ వేళ్లు టోపీ తడిమాయి, పళ్లు తడిమాయి. “బాగుంది బాబూ. పళ్లు నీకు చెప్పాలా!” అంది. దారిలో ఎదురైన మనిషిని పలకరించినట్టు పలకరించి, ఆ వేళ్లు పక్కకు వెళ్లిపోయాయి. కూతురి మొహం చిన్నబోయింది.

అంచున ఉన్న బొమ్మ దగ్గర ఆ వేళ్లు ఆగాయి. వంగిన మెడ మీదుగా నెమ్మదిగా భుజానికి, భుజం నుంచి చేతికి వచ్చాయి.

“వేళ్ల మధ్య ఇదేంటి బాబూ?”

“సిగరెట్టు అత్తయ్యా.”

“ఛఛ, తీసెయ్యి! పొగంటే ఆయనకి పడేదే కాదు. అది సూది. కోటు కుట్టుకుంటున్నాడు. నాకు కుట్టడం నేర్పిందే...”



“ఎవరు నేర్పారు?” అంది కూతురు. “అమ్మా, నిన్నే. ఎవరాయన?”

“మీ నాన్న.”

“మరి ఈ నవ్వే ఆయన?”

“తెలీదే. ఎవరో తోటివాడు.”

కూతురు ముందు నవ్వింది. తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడింది. “ఊరూపేరూ తెలియని మనిషికా నేను ఇన్నాళ్లూ అన్నీ చెప్పుకుంది? జ్వరమొస్తే ఆ ఫొటో పక్కలో పెట్టుకుని పడుకునేదాన్నే! చూస్తూ ఎలా ఊరుకున్నావమ్మా?”

“ఉండవే, అత్తయ్యని చెప్పనీ,” అన్నాడు మేస్త్రి.

“మీరు ఊరుకోండి. మీకేం! మీ నాన్న బెల్టు పుచ్చుకుని కొట్టి మరీ గుర్తుండిపోయాడు.”

ఆయన నొచ్చుకోలేదు. అది నిజమే. ఆమె గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం తల్లీ కూతుళ్లిద్దరూ అన్నం ముట్టలేదు. మేస్త్రి ఒకసారి తలుపు దగ్గరికీ, ఒకసారి బల్ల దగ్గరికీ కంచాలు మోసి, చివరికి రెండింటి మీదా మూతలు పెట్టాడు. పెద్దావిడ ఆ చిన్న భుజం మీంచి వేలు తీయలేదు.

సాయంత్రం కూతురు మంచినీళ్ల కోసం బయటికి వచ్చింది. అడుగుల చప్పుడు విని తల్లి మాట్లాడింది.

“నేను చెప్పలేదే అమ్మడూ. నువ్వే అన్నావు. బడికి కూడా వెళ్లని వయసు నీది. పక్కింటి పిల్ల వాళ్ల నాన్న భుజమెక్కి పోతుంటే చూసొచ్చి, ఫొటో లాక్కుని, ఆ నవ్వే ఆయన మీద వేలు పెట్టావు. ‘నన్నే చూస్తున్నాడు, ఈయనే కదా నాన్న!’ అన్నావు. కాదమ్మా, నీవైపు చూడకుండా తల వంచుకున్నాడే, ఆయన మీ నాన్న అని ఎలా చెప్పను?”

“పెద్దయ్యాకైనా చెప్పొచ్చుగా.”

“రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుంటే నీకు పెళ్లీడు వచ్చేసింది. నీకు నాన్న దొరికాడు, చాల్లే అనుకున్నా. నాకే... నువ్వు పక్కనుంటే నేనూ ఆ నవ్వే ఆయన్నే చూడాలి కదే. నువ్వు బడికెళ్లాక ఫొటో తీసి, మీ నాన్నని చూసుకునేదాన్ని.”

కూతురు నీళ్లు తాగకుండానే గ్లాసు పక్కన పెట్టేసింది. ఇన్నేళ్లూ సొంత ఇంట్లో తల్లి తన భర్తను చాటుగా చూసుకోవలసి వచ్చింది, కూతురి కోసమే. వచ్చి తల్లి పక్కన కూర్చుంది. వంగిన బొమ్మను దగ్గరికి తీసుకుంది.

“ఈయనకి మొహం లేదేంటండీ?”

“ఫొటోలో కనబడితేగా! తోచినట్టు పెట్టడానికి మనసొప్పలేదు,” అన్నాడు మేస్త్రి.

“పుట్టీ కలుపు బాబూ,” అంది పెద్దావిడ. రెండు చేతులతో కూతురి మొహం పట్టుకుంది. “నుదురు అచ్చం ఇదే. బుగ్గ ఎముక కూడా ఇలాగే ఎత్తుగా ఉండేది. ముక్కు చూడకు, అది నా పోలిక. గడ్డం చూసుకో.”

మేస్త్రి ఫొటోను పక్కకు జరిపి భార్య మొహం చూస్తూ చెక్కడం మొదలుపెట్టాడు. ఆమె కళ్లనీళ్లు తల్లి వేళ్ల మీదుగా జారుతున్నాయి.

“ఏడవకే. గడ్డం వణికితే అతనికి కొలత ఎలా దొరుకుతుంది?”

“నేను కాదమ్మా, నీ చేతులే వణుకుతున్నాయి.”

పుట్టీ గట్టిపడుతోంది. మళ్లీ కలుపుకోవచ్చులే అనుకుని, మేస్త్రి పనిముట్టు పక్కన పెట్టాడు.